మంచులో ఆగిన షోగను

మా మావయ్య దైవాశీర్వాదం గారు గుడివాడ తాలూకాలో ముప్పై ఎనిమిదేళ్లు ఎలిమెంటరీ బడిలో పాఠాలు చెప్పాడు, సాయంత్రాలు బుర్రకథలు చెప్పాడు. అన్నీ బైబిలు కథలే. యోసేపు, సమ్సోను, దావీదు, ఎస్తేరు రాణి. పాఠాలు విన్నవాళ్లు ఆయన్ని మర్చిపోయారు గానీ, కథలు విన్నవాళ్లెవరూ మర్చిపోలేదు. మా ఆవిడ లూసీ సిటిజన్ కాగానే తండ్రికి గ్రీన్‌కార్డు పెట్టి ఆరిజోనా తెచ్చుకుంది. ఎనభై మూడు వేసవిలో, ఫీనిక్స్ ఎయిర్‌పోర్టులో, చంకలో బిడ్డని పెట్టుకున్నట్టు తంబురని పెట్టుకుని దిగాడాయన. బయటికి రాగానే ఎండ మొహాన కొట్టింది. "ఏవయ్యా అల్లుడూ, ఇటుకబట్టీలో కాపరం పెట్టావేంటి?" అన్నాడు.

నేను చాండ్లర్‌లో చిప్పులు చేసే కంపెనీలో ఇంజనీర్ని. అప్పట్లో చుట్టుపక్కల తెలుగు క్రైస్తవ కుటుంబాలు పన్నెండో పదమూడో. తెల్లవాళ్ల చర్చి హాలు ఒకటి అద్దెకి తీసుకుని ఆదివారం మధ్యాహ్నం ఆరాధన పెట్టుకునేవాళ్లం. బలిపీఠం మీదకి పూలు తెచ్చే పని మాది. శనివారం శనివారం మావయ్యని కార్లో ఎక్కించుకుని బేస్‌లైన్ రోడ్డుకి డ్రైవ్ చేసేవాణ్ణి. ఆ రోడ్డు వెంట జపాన్ వాళ్ల పూలతోటలుండేవి. ఎడారిలో అరమైలు పొడుగున తెలుపు, గులాబి, వంగపండు రంగు చారలు. వాసన కారు అద్దాలు ఎక్కించినా లోపలికొచ్చేది.

మేం పూలు కొనే తోట నిషిముర గారిది. ఎనభై రెండేళ్లు, ఎండిన చింతబరికె లాంటి మనిషి. రేకుల షెడ్డులో బల్ల ముందు నిలబడి పొద్దస్తమానం పూలకట్టలు కట్టేవాడు. ఆయన కూతురు గ్రేస్, యాభై దాటిన మనిషి, ముందు గదిలో కొనేవాళ్లని చూసుకునేది. షెడ్డు గోడకి సైనికుడి బట్టల్లో ఒక కుర్రాడి ఫోటో ఉండేది. "మా అన్న జార్జ్" అని గ్రేస్ ఒకసారి చెప్పింది. జపాన్‌తో యుద్ధం వచ్చినప్పుడు అమెరికా సర్కారు వీళ్లని ఎడారి క్యాంపులో కంచె వెనక పెట్టిందట. ఆ క్యాంపులోంచే జార్జ్ అమెరికా సైన్యంలో చేరాడు. ఫ్రాన్సు కొండల్లో పోయాడు. శవం దొరకలేదు.

మావయ్యకి ఇంగ్లీషు చదవడం వచ్చు, మాట్లాడ్డం రాదు. నిషిముర గారికి మాట్లాడ్డం వచ్చు, ఇష్టం లేదు. ఇద్దరికీ మధ్య నేను. మొదట్లో వానల గురించీ పేడ ఎరువు గురించీ మాట్లాడుకున్నారు. ఒక శనివారం, పూలు కట్టేలోగా ఊరుకోలేక, మావయ్య అబ్షాలోము చచ్చిపోయిన ఘట్టం ఎత్తుకున్నాడు. నా కుమారుడా, నీకు బదులు నేను చావకపోతినా అని దావీదు రాజు ఏడ్చే చోట ఆయన గొంతు రేకులకి తగిలి తిరిగొచ్చింది. నిషిముర గారి చేతులు ఆగాయి.

"ఏం పాట అది?"

"ఒక రాజు చనిపోయిన కొడుకు కోసం ఏడుస్తున్నాడు" అన్నాను.

ఆయన మళ్లీ దారం చుట్టడం మొదలుపెట్టాడు. పై శనివారం మాత్రం మా కోసం రెండు కుర్చీలు వేసి ఉంచాడు. "మా ఊరికీ ఒక రాజున్నాడు" అన్నాడు. "మీ మామగారు ఆయన కథ చెప్పగలడా?"

ఆ ఊరు కమకుర. ఆ రాజు ఏడువందల డెబ్భై ఏళ్ల కిందటి షోగను, పేరు సనెతొమో. షోగనంటే రాజు పైన కూర్చుంటే కింద కత్తి పట్టుకుని దేశం ఏలేవాడు. కానీ ఈయనకి కత్తి చేతికి నప్పలేదు. అన్నని దింపేసి, పన్నెండేళ్ల పిల్లాణ్ణి గద్దె మీద కూర్చోబెట్టారు. పెత్తనం తల్లిది, తల్లి పుట్టింటి వాళ్లది. మరుసటేడే అన్నని చంపేశారు. ఈయన పాటలు కట్టుకుంటూ కూర్చున్నాడు. సముద్రం అవతల చీనాలో పోయిన జన్మలో తానొక సన్యాసినని నమ్మి, అక్కడికి పోదామని పెద్ద ఓడ కట్టించాడు. వందలమంది మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా లాగినా ఓడ నీళ్లలోకి దిగలేదు. ఒడ్డునే పడి కుళ్లిపోయింది. ఇరవయ్యేడో ఏడు నిండకుండానే, మంచు కురిసిన రాత్రి గుడి మెట్ల దగ్గర, ఆ చంపేసిన అన్న కొడుకే కత్తితో నరికాడు. పిల్లల్లేరు. ఆయనతో ఆ వంశం సరి.

నిషిముర గారు ఇదంతా ఎనిమిది శనివారాలు చెప్పాడు. నేను ఒక్క ముక్క వదలకుండా తెలుగు చేశాను. మావయ్య తెల్లకాగితాల పుస్తకంలో చరణాలు కట్టుకున్నాడు.

"మీ అమ్మాయికి ఈ కథ తెలుసా?" అని ఒకసారి అడగమన్నాడు.

"తెలీదు" అన్నాడు నిషిముర గారు. "క్యాంపు నుంచి తిరిగొచ్చాక మా ఇంట్లో జపాన్ మాట ఎత్తలేదు. భయం. మా అమ్మ నాకు చెప్పింది, నేను నా పిల్లకి చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుదామంటే నోరు రావడం లేదు." చేతిలో కట్ట బల్ల మీద పెట్టి అన్నాడు, "డాక్టర్ నాకు కడుపులో కేన్సర్ అన్నాడు. క్రిస్‌మస్ దాటితే గొప్ప. ఒక్కసారి మొదట్నుంచి చివరిదాకా ఎవరైనా గొంతెత్తి చెప్పగా వినాలి. గ్రేస్ నా పక్కన కూర్చుని వినాలి. అంతే."

నేను తెలుగులో చెప్పగానే మావయ్య లేచి, ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. "చెబుతానని చెప్పు అల్లుడూ. నా గొంతులో ఊపిరుంటే చెబుతానని చెప్పు."

మా కోతపండుగ నవంబరు చివర్లో. ఆ రోజు సాయంత్రం షోగను కథ అని మావయ్య ప్రకటించాడు. సంఘ పెద్ద ఆమోసు గారు ఒప్పుకోలేదు.

"బైబిల్లో లేని రాజు మనకెందుకండీ మాస్టారూ?"

"బైబిల్లో లేని రాజుల్ని దేవుడు కాక ఇంకెవడు పుట్టించాడండీ?"

"అన్యుడు గదా!"

"మరి బైబిల్లో ఉన్న బబులోను రాజు నెబుకద్నెజరు మీ బాబాయా?" అన్నాడు మావయ్య. ఆమోసు గారు ప్రోగ్రాం కాగితంలో షోగను కథ రాసుకున్నాడు.

బుర్రకథకి నడుమ కథకుడు, అటూ ఇటూ ఇద్దరు వంతలు కావాలి. ఒక వంత లోకరీతి మాట్లాడతాడు, రెండోవాడు హాస్యం చెబుతాడు. లోకరీతికి వరంగల్లు జగదీష్‌ని పట్టుకొచ్చాను. మా కంపెనీలోనే చేస్తాడు. "నేను హిందువుని గదన్నా, చర్చిల గుమ్మెట కొడితే మీ దేవుడేమనుకుంటడు?" అన్నాడు. "లయ తప్పితే అనుకుంటాడు" అన్నాను. హాస్యం నాది. కుర్రతనంలో ఊళ్లో మావయ్య పక్కన ఆ పనే చేసేవాణ్ణి. లూసీని ఇచ్చింది కూడా ఆ నోరు చూసే అంటారు మావాళ్లు.

ఆ రోజు హాల్లో డెబ్భైమంది దాకా ఉన్నారు. ముందువరసలో నిషిముర గారు నల్ల కోటు వేసుకుని, టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన గ్రేస్. తెలుగు రాదు కాబట్టి, ఏ ఘట్టం నడుస్తోందో ఇంగ్లీషులో టైపు చేసిన కాగితం ఇచ్చాను. మావయ్య తంబుర మీటి, వినరా భారత వీరకుమారా అనాల్సిన చోట వినుమా కమకుర వాసుడా అని ఎత్తుకునేసరికి, తన ఊరి పేరు విని ముసలాయన వెన్ను నిటారుగా అయింది. పన్నెండేళ్ల పిల్లాడి పట్టాభిషేకం అయింది. అన్న చావు అయింది. ఓడ దగ్గరికొచ్చాం.

"అయిదువందల మంది మోకులు భుజాన వేసి, హైలెస్సా అని లాగితే..." అని మావయ్య రాగం తీశాడు.

"తందాన తాన" అన్నాం.

"ఓడ కదలదే! ఒక్క అంగుళం కదలదే!"

అక్కడ వంత అందుకోవాలి. అది పద్ధతి. వీరరసం ఎక్కువైనా, దుఃఖం ఎక్కువైనా, హాస్యగాడు ఒక మాట వేసి జనం ఊపిరి తీసుకునేట్టు చెయ్యాలి. మావయ్య నా వైపు తిరిగాడు. నా నోటికి వచ్చేసింది.

"ఓరి నాయనో! మన ఫీనిక్స్‌లో వంతెన ఉంది, ఏట్లో నీళ్లు లేవు. వాళ్ల ఊళ్లో నీళ్లున్నాయి, ఓడ కదలదు. రెండూళ్లూ కలిపితే గానీ ఒక ఊరు కాదు గదరా! ఓడ నీళ్లలోకి రాకపోతే పోనీ, నీళ్లనే ఓడ దగ్గరికి రమ్మనండయ్యా, షోగను గారు గదా, ఆర్డరేయమనండి!"

హాలు విరగబడింది. ఆమోసు గారు కూడా కళ్లు తుడుచుకున్నాడు. వెనక పిల్లలు అర్థం కాకపోయినా పెద్దవాళ్లని చూసి బల్లలు చరిచారు. జనం నవ్వితే ఆగే రకం కాదు నేను. మునసబు గారి గేదె బురదలోంచి లేవనట్టు అని ఇంకో రెండు వేశాను.

నిషిముర గారు కాగితం చూశాడు. ఓడ కదలలేదు అని రాసి ఉన్న చోట వేలు పెట్టాడు. తలతిప్పి నవ్వుతున్న డెబ్భైమందినీ చూశాడు. లేచి, మా వైపు నడుము వంచి నమస్కారం చేసి, టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు. గ్రేస్ వెనకాలే పరుగెత్తింది. మావయ్య తంబుర తీగ మీద చెయ్యి వేసి మోత ఆపేశాడు.

ఇంటికి వచ్చే దారిలో నేను తిట్లకి సిద్ధంగా ఉన్నాను. ఆయన తిట్టలేదు. "నీ పని నువ్వు చేశావు. హాస్యగాడి పని నవ్వించడమే. ఆ చోట నోరు మూసుకోమని నీకు ముందే చెప్పాల్సింది, నేను మర్చిపోయా. నలభై ఏళ్ల అలవాటు." కాస్సేపటికి, "వేలు పెట్టి చూసుకున్నాడయ్యా, చూశావా?" అన్నాడు.

రెండు శనివారాలు షెడ్డు మూసి ఉంది. మూడో వారంలో గ్రేస్ ఆఫీసుకి ఫోన్ చేసింది. "డాడ్ హాస్పిటల్‌లో ఉన్నాడు. మీ ఇద్దర్నీ రమ్మంటున్నాడు. కథ మిగిలిపోయిందట."

సాయంత్రం ఆరింటికి చేరాం. తంబుర లోపలికి వద్దన్నారు. మావయ్య మంచం పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గ్రేస్ అవతల పక్క. నిషిముర గారు దిండు మీద పసుపు రంగు తిరిగిపోయి ఉన్నాడు. నన్ను చూసి, "ఆ రోజు నువ్వు ఏమన్నావు? అందరూ నవ్వారే" అన్నాడు.

ఆ హాస్యాన్ని ఆ మంచం దగ్గర ఇంగ్లీషులో చెప్పడం కన్నా సిగ్గుపడ్డ పని నా బతుకులో లేదు. వంతెన సంగతి చెప్పాను. నీళ్లకి ఆర్డరెయ్యమన్న సంగతి చెప్పాను. గేదె సంగతి కూడా దాచలేదు. చెప్పి, "సారీ" అన్నాను.

ఆయన దిండు మీద తల సర్దుకున్నాడు. "బాగుంది" అన్నాడు. "మోకులు లాగినవాళ్లు మా ఊరివాళ్లే. వాళ్లూ సాయంత్రం ఇళ్లకి పోయి ఇలాగే నవ్వుకుని ఉంటారు. కానీ లాగేటప్పుడు నవ్వలేదు. ఒడ్డు మీద షోగను నిలబడి చూస్తున్నాడు గదా."

నేను మావయ్యకి తెలుగు చేశాను. ఆయన తల దించుకున్నాడు. తర్వాత కథ ఎత్తుకున్నాడు. మొదట్నుంచి. గజ్జెల్లేవు, గుమ్మెట లేదు. నర్సులు కసురుకోకుండా గొంతు తగ్గించి, తాత మనవళ్లకి చెప్పినట్టు చెప్పాడు. ఒక్కో చరణం కాగానే నేను గ్రేస్ కోసం ఇంగ్లీషు చేస్తున్నాను. ముసలాయన మమ్మల్ని చూడ్డం లేదు. కథంతా కూతురి మొహం మీదే చూస్తున్నాడు. ఆవిడ మొదట్లో చేతిగడియారం చూసుకుంది. కథలో షోగను అన్న చనిపోయేసరికి సంచి కింద పెట్టేసింది. ఓడ ఒడ్డున కుళ్లిపోయే చోట, "డాడ్, నాకెందుకు చెప్పలేదు?" అంది. ఆయన దుప్పటి మీద చెయ్యి కొంచెం కదిపాడు.

గుడికి బయల్దేరే రాత్రి వచ్చింది. మంచు మోకాలి లోతు. ముసలి మంత్రి ఏడుస్తూ వచ్చి, అంగీ కింద కవచం తొడుక్కోమన్నాడు. ఆనవాయితీ లేదని పక్కవాళ్లు వద్దన్నారు. షోగను గడప దాటాడు. అప్పుడే నర్సు తలుపు తీసి, "విజిటింగ్ అవర్స్ అయిపోయాయి. ఇంకో పది నిమిషాలు, అంతే" అంది.

మావయ్య ఆగిపోయాడు.

"చెప్పు మావయ్యా, పది నిమిషాలుందట."

"పది నిమిషాల్లో ఏం చెప్పను? చంపడానికి సరిపోతుంది. తర్వాత?"

ఆయన పద్ధతి నాకు తెలుసు. చావు దగ్గర కథ ఆపడు. శుభశుక్రవారం సిలువ కథ చెప్పినా, మూడో రోజు తెల్లారి సమాధి రాయి దొర్లేదాకా చెప్పి గానీ తంబుర దించేవాడు కాదు. జనం కునికిపాట్లు పడుతున్నా వదిలేవాడు కాదు. చచ్చినవాణ్ణి నేలమీద వదిలేసి లేస్తే విన్నవాళ్ల ఇంటికి అరిష్టమని వాళ్ల నాన్న నేర్పిన మాట. జబ్బు మనిషి మంచం దగ్గర అసలే ఆపడు.

"రేపు పది గంటలకి వస్తాం" అన్నాడు. "మెట్లు, కత్తి, ఆ తర్వాత ఆయన పాటలు నిలిచిన సంగతి, మంగళం, అన్నీ ఒక్క బైఠకులో ముగిస్తా. ఇవాళ షోగను దొరని మంచులో నడుస్తూ ఉండనీ. బతికే ఉన్నాడు గదా."

నేను చెప్పాను. నిషిముర గారు తల అడ్డంగా ఊపాడు. "పది నిమిషాలు చాలు. చివర చెప్పమను. ఇవాళే చెప్పమను."

"ఏవంటున్నాడు?"

"ఇవాళే ముగించమంటున్నాడు మావయ్యా. చెప్పెయ్. పట్టింపులెందుకు?"

"నీకు తెలీదు, ఊరుకో" అన్నాడు మావయ్య. లేచి, ముసలాయన నుదుటి మీద చెయ్యి వేసి, తెలుగులో చిన్న ప్రార్థన చేశాడు. నేను ఇంకోసారి గట్టిగా చెప్పాల్సింది. పెద్దాయన్ని నర్సు ముందు ఏం వాదిస్తాంలే అనుకున్నాను. చివరి సంగతి నాకూ తెలుసు. ఇంగ్లీషూ వచ్చు. నేనైనా చెప్పొచ్చు. కానీ కథకుడు ఉండగా వంత కథ ముగించకూడదు. నా బుర్రలో కూడా పద్ధతే కూర్చుని ఉంది.

పొద్దున పదింటికి పావుగంట ముందే కారు దిగాం. మావయ్య ఇస్త్రీ పంచె కట్టుకుని, తలకి నూనె రాసుకుని, ముగింపు చరణాలు పెదాల మీదే అనుకుంటూ వస్తున్నాడు. హాస్పిటల్ తలుపు బయట, కార్లు పెట్టే చోటు అంచున గ్రేస్ నిలబడి ఉంది. చేతిలో ముసలాయన టోపీ.

"అయిదున్నరకి పోయాడు" అంది.

మావయ్యకి తెలుగు చెయ్యాల్సిన పని లేకపోయింది.

"రాత్రి నేను ఇంటికి పోలేదు" అంది గ్రేస్. "మూడుసార్లు అడిగాడు, ఎన్నింటికి వస్తారని. పదింటికి వస్తారు డాడ్ అన్నాను. చివర నువ్వు చెప్పు అన్నాడు. నాకు తెలీదు గదా డాడ్ అన్నాను. నువ్వే చెప్పు, వింటానన్నాను. ఆయనకి గొంతు పైకి రాలేదు."

ఇది మావయ్యకి చెప్పకుండా ఉండాల్సింది. కానీ ఇన్ని నెలలుగా మాట వదలకుండా తెలుగు చేసిన నోరు, చెప్పేసింది. మావయ్య పక్కనున్న సిమెంటు దిమ్మ మీద కూలబడ్డాడు. "నేను ఆపాను" అన్నాడు. "అరిష్టమని ఆపాను. మా నాన్న మాట పట్టుకుని ఆ మనిషి నోట్లో నీళ్లు పొయ్యకుండా పంపించాను."

గ్రేస్ ఆయన ఎదుట నిలబడింది. "చివరికి ఏమయింది? నాకు చెప్పమనండి" అంది.

ఆయన పంచె చెంగుతో మొహం తుడుచుకున్నాడు. తర్వాత, కూర్చునే, రాగం లేకుండా చెప్పాడు. నేను ఇంగ్లీషు చేశాను. గుడి మెట్ల పక్క అన్న కొడుకు దాక్కుని ఉన్నాడు. నరికి, తల పట్టుకుని పరుగెత్తాడు. ఆ రాత్రే వాణ్ణి చంపారు. షోగను తల ఎంత వెతికినా దొరకలేదు. కానీ ఆ రోజు బయల్దేరే ముందు, జుట్టు దువ్వుతున్న సేవకుడికి షోగను తన తలలోంచి ఒక వెంట్రుక పీకి ఇచ్చాడు. నా గుర్తుగా ఉంచుకో అన్నాడు. తల లేదు గనక, ఆ వెంట్రుకని తల చోట పెట్టి మట్టి చేశారు.

గ్రేస్ టోపీ అంచుని వేళ్లతో తిప్పుతూ ఉన్నదల్లా ఆగింది.

"వంటింట్లో టీ డబ్బా" అంది. నాతో కాదు, ఎవరితోనూ కాదు. "అమ్మ పోయాక పై అర నేనే సర్దాను. పాత డబ్బా, తుప్పు పట్టింది. మూత తీస్తే తెల్లకాగితంలో చుట్టి జుట్టు. నల్లగా, పొట్టిగా. జార్జ్ క్యాంపు నుంచి వెళ్లేముందు అమ్మ కత్తిరించింది అయ్యుంటుంది. నాకేం తెలుసు? ఛీ అనుకున్నాను. ఇది పారేస్తున్నా డాడ్ అని అడిగాను కూడా. ఆయన గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. సరే అన్నాడు. చెత్తబుట్టలో పడేశాను."

ఒక అంబులెన్సు వచ్చి మా పక్క నుంచి వెళ్లింది.

"ఏవంటోంది అల్లుడూ?" అన్నాడు మావయ్య.

ఆయన కళ్లలో ఇంకా కొంచెం చోటుంది, మంచి మాట ఏదైనా పడితే పట్టుకునేంత. నేను ఆ చోటు చూశాను.

"ఏం లేదు మావయ్యా. వాళ్ల నాన్న ఈ చివర వినాలని ఎందుకన్నాడో ఇప్పుడు తెలిసిందంటోంది. బాగా చెప్పారంటోంది."

ఆయన తల ఊపి, మోకాళ్ల మీద చేతులు ఆన్చి లేచాడు. చావు దగ్గర ఆపలేడు గదా. కుడిచెయ్యి చెవికి ఆన్చుకుని, హాస్పిటల్ గోడ వైపు తిరిగి, ఆ ఎండలో మంగళం ఎత్తుకున్నాడు. గ్రేస్ అది ఏడుపు పాట అనుకుని తల వంచింది. నేను వంత పలకాల్సిన చోటల్లా పలికాను.